కర్బన మార్కెట్: హద్దులు దాటేనా?

ఐరోపా సమాఖ్య ఉద్గారాల వ్యాపార వ్యవస్థ 2005లో మొదలైంది. మొత్తం ఉద్గారాలకు పరిమితి విధించి, ఆ మేరకే అనుమతులు ఇస్తారు; ఒక్కో అనుమతికి టన్ను కార్బన్ డై ఆక్సైడ్. మిగిలితే అమ్ముకోవచ్చు, చాలకపోతే కొనాలి.

2020 జనవరి 1న స్విట్జర్లాండ్ మార్కెట్ దీనితో అనుసంధానమైంది. బ్రెగ్జిట్ తర్వాత బ్రిటన్ 2021లో వేరు కుంపటి పెట్టుకున్నా, 2025 మేలో లండన్ శిఖరాగ్ర సమావేశంలో అనుసంధానం దిశగా అంగీకారం కుదిరింది. ఇలాంటి కలయికలకు అసలు గండం రాజకీయమే. కెనడాలోని అంటారియో 2018లో కాలిఫోర్నియా-క్యుబెక్ మార్కెట్‌లో చేరి, ప్రభుత్వం మారగానే అదే ఏడాది తప్పుకుంది.

దిగుమతుల్లోని ఉద్గారాలపై ఐరోపా సమాఖ్య వేసే కర్బన సరిహద్దు సుంకం (సీబామ్) 2026 జనవరి 1న పూర్తిస్థాయి దశకు చేరింది. మార్కెట్ అనుసంధానమైనందున స్విట్జర్లాండ్‌కు దీని నుంచి మినహాయింపు ఉంది. భారత ఉక్కు, అల్యూమినియంలకు లేదు.