ఖాళీగా ఉంటే సరిపోదు: పిల్లనగ్రోవి చేస్తూ నేర్చుకున్న పాఠం



వేణువులా లోపల ఖాళీగా ఉంటే కృష్ణుడే మనలో ఊదుతాడని ప్రవచనాల్లో వింటూనే ఉంటాం కదా. నేనూ వీడియోల్లో చాలాసార్లు చెప్పాను. తీరా నా చేతులతో ఒక పిల్లనగ్రోవి చేశాక, ఇన్నాళ్లూ సగమే చెప్పానని తెలిసింది. మీరూ ఒక ఆదివారం చేసి చూడండి.

కావలసినవి: లోపలి వెడల్పు సుమారు 16 మిల్లీమీటర్లు ఉన్న, బాగా ఎండిన వెదురు, హాక్సా బ్లేడు, ఇనుప చువ్వ, సాండ్ పేపర్, ఫోన్‌లో ట్యూనర్ యాప్. పచ్చి వెదురు వద్దు, ఆరేటప్పుడు పగులుతుంది.

1. ఒక చివర కణుపుతో మూసుకుని, రెండో చివర తెరిచి ఉండేలా కోయండి.

2. కణుపు నుంచి 2 సెంటీమీటర్ల దూరంలో ఊదే రంధ్రం పెట్టండి. డ్రిల్ వాడితే వెదురు చీలే ప్రమాదం ఉంది. ఎర్రగా కాల్చిన చువ్వతో పెట్టడం మంచిది. చువ్వను పట్టకారుతో పట్టుకోండి, గాలి ఆడే చోట చేయండి.

3. ఊది చూడండి. ఊదే రంధ్రం నుంచి తెరిచిన చివరికి 30 సెంటీమీటర్లు ఉంటే, ఫార్ములా ప్రకారం సుమారు 570 హెర్ట్జ్ రావాలి. ట్యూనర్ తక్కువే చూపిస్తుంది. ఎందుకంటే గొట్టం దాటి బయట ఉన్న కొంచెం గాలి కూడా కదులుతుంది. చివర కొద్దికొద్దిగా కోస్తే శ్రుతి పెరుగుతుంది. ఎక్కువ కోశారా, ఇక్కడ అన్‌డూ లేదు!

4. అదే వెడల్పు, అదే పొడవు ఉన్న వేణువు ఒకటి పక్కన పెట్టుకుని, వేళ్ల కోసం 6 రంధ్రాలకు గుర్తులు పెట్టండి. తెరిచిన చివర నుంచి మొదలుపెట్టి, ముందు చిన్నగా కాల్చి, స్వరం కుదిరేదాకా సాండ్ పేపర్‌తో పెద్దది చేయండి.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. ఖాళీ అంటే పూర్తిగా ఖాళీయే అనుకుని, ఆ చివరి కణుపు కూడా పొడిచేశాను. ఎంత ఊదినా బుస్సుమని గాలే తప్ప స్వరం లేదు. కార్క్ ముక్కతో ఆ చివర మూశాకే పలికింది.

అది చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. పోయిన ఏడాది ఆఫీసు ఒత్తిడిలో "అంతా ఆయనే చూసుకుంటాడు" అనుకుంటూ ఉదయం దీపం, టైముకి నిద్ర, అమ్మకి ఫోన్ అన్నీ వదిలేశాను. దానికి శరణాగతి అని పేరు పెట్టుకున్నాను. నిజానికి అప్పుడు నేను రెండు వైపులా తెరిచిన గొట్టాన్ని. ఊపిరి వస్తోంది, పోతోంది, పాట మాత్రం లేదు.

భాగవతం 10వ స్కంధంలో, వేణుగీతంలో, ఈ వేణువు ఏ పుణ్యం చేసుకుందోనని గోపికలు ఆశ్చర్యపోతారు. నాకు తోచిన జవాబు ఇది: అది ఖాళీ అయింది, కాల్చినా ఓర్చుకుంది, ఒక చివర మాత్రం మూసి ఉంచుకుంది. ఆ మూసిన చివరే మన నియమం.

ఈ వారం మీరు ఒక్క చిన్న నియమం పట్టుకోండి. నేను మళ్లీ ఉదయం దీపంతో మొదలుపెట్టాను.