అద్దం వెనక పాము

చీమకుర్తి దగ్గర ఒక పల్లె. మిరపకాయలు రెండో కోత అయింది. పిల్లలకు మూడు రోజులు సెలవులు వచ్చాయి. చెన్నైలో పాముల పార్కు చూపించమని వాళ్లు మామను పట్టుకున్నారు. మామ గ్రానైటు లారీ తోలుతాడు. చీమకుర్తి నల్లరాయిని చెన్నై రేవుకు చేరుస్తాడు. ఆ ఊరు అతనికి కొట్టినపిండి.

"పాముల్ని చూడ్డానికి రైలు చార్జీలా? మన చేలో లేవా?" అంది నాయనమ్మ. అంది గానీ అందరికంటే ముందు సంచి సర్దుకుంది.

ఒంగోలులో రాత్రి రైలెక్కారు. తెల్లారేసరికి చెన్నై. అక్కడ లోకల్ రైలు మారి గిండీలో దిగారు. పాముల పార్కు గిండీ అడవిని ఆనుకుని ఉంది. దీన్ని 1972లో రోములస్ విటేకర్ అనే ఆయన మొదలుపెట్టాడు. పామును చూడగానే చంపడం కాదు, దాని గురించి తెలుసుకోవాలి అన్నది ఆయన ఆలోచన.

లోపల వరసగా అద్దాల గదులు. బోర్డులు తమిళంలో, ఇంగ్లీషులో ఉన్నాయి. కోడలు ఈ మధ్యనే చదువు నేర్చుకుంది. ఆశగా బోర్డు దగ్గరికి వెళ్లింది. ఒక్క అక్షరమూ అందలేదు. ఏడో తరగతి చదివే కొడుకే ఇంగ్లీషు కూడబలుక్కుని చెప్పాడు.

"ఇది జెర్రిపోతు. దీనికి విషం లేదంట. ఎలుకల్ని తింటుందంట."

"అయ్యో, పోయిన ఏడు మనం కర్రలతో కొట్టింది దీన్నే గదా!" అన్నాడు తండ్రి.

తర్వాతి గదిలో నల్లటి పాము ఉంది. ఒంటి మీద సన్నటి తెల్ల కట్లు. చుట్ట చుట్టుకుని కదలకుండా పడుకుంది. నాయనమ్మ అక్కడే ఆగిపోయింది. మనవడు బోర్డు చదవబోయాడు.

"చదవొద్దులే అయ్యా. కట్లపాము. మీ తాతను కరిచింది ఇదే."

పన్నెండేళ్ల కిందటి మాట. తాత మిరప కల్లంలో కాపలా పడుకున్నాడు. నేల మీద బొంత పరుచుకున్నాడు. తెల్లారుజామున కడుపులో నొప్పి అన్నాడు. గాటు లేదు, వాపు లేదు. కాసేపటికి కనురెప్పలు వాలిపోయాయి. మాట ముద్దగా వచ్చింది. బొంత దులిపితే పాము బయటపడింది. పక్క ఊళ్లో మంత్రగాడున్నాడని బండి కట్టించింది నాయనమ్మే. పొద్దెక్కాక ఒంగోలు ఆస్పత్రికి తీసుకుపోయారు. అప్పటికే ఊపిరి ఆగిపోయింది.

పార్కులో పనిచేసే ఒకాయనకు తెలుగు వచ్చు. వీళ్ల మాటలు విని దగ్గరికి వచ్చాడు.

"కట్లపాము రాత్రిపూట తిరుగుతుందమ్మా. అది కరిస్తే దోమ కుట్టినంత నొప్పి కూడా ఉండకపోవచ్చు. దాని విషం నరాల మీద పనిచేస్తుంది. ఊపిరి ఆడకుండా చేస్తుంది. ఆస్పత్రిలో అయితే మందు ఎక్కిస్తారు. అవసరమైతే మిషను పెట్టి ఊపిరి ఆడిస్తారు."

"ఆ మంత్రగాడు ఎంతమందినో బతికించాడు నాయనా. అందుకే పోయాం," అంది నాయనమ్మ.

"చాలా పాములకు విషం లేదమ్మా. విషప్పాము కరిచినా ఒక్కోసారి విషం దిగదు. అలాంటివాళ్లు మంత్రం వేసినా బతుకుతారు, వెయ్యకపోయినా బతుకుతారు. పేరు మాత్రం మంత్రానికి వస్తుంది."

నాయనమ్మ ఏమీ అనలేదు. కోడలు ఆమె చెయ్యి పట్టుకుంది.

మన దేశంలో ఎక్కువమందిని చంపేవి నాలుగు రకాలు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి. ఈ నాలుగింటికీ కలిపి ఒకే మందు ఉంది. 2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో ఒక అధ్యయనం అంచనా వేసింది. ఎక్కువమంది పల్లెల్లోవాళ్లే.

ఆ మందు తయారీ పాము విషంతోనే మొదలవుతుంది. చెన్నై దగ్గర ఇరుల తెగవాళ్లు ఉన్నారు. ఒకప్పుడు తోళ్ల కోసం పాముల్ని పట్టేవాళ్లు. 1978లో సహకార సంఘం పెట్టుకున్నారు. ఇప్పుడు పామును పట్టి, విషం తీసి, కొన్ని వారాల తర్వాత వదిలేస్తారు. ఆ విషాన్ని కొంచెం కొంచెంగా గుర్రాలకు ఎక్కిస్తారు. గుర్రం రక్తంలో విరుగుడు పుడుతుంది. దాన్నుంచే మందు చేస్తారు. ఇరుల తెగకు చెందిన వడివేల్ గోపాల్, మాసి సడైయన్ 2017లో అమెరికా వెళ్లారు. ఫ్లోరిడాలో కొండచిలువలు పట్టడానికి సాయం చేశారు. 2023లో వాళ్లకు పద్మశ్రీ వచ్చింది. పాములు పట్టేవాళ్లకు పద్మశ్రీ అంటే మామ మొదట నమ్మలేదు.

"మరి కరిస్తే వెంటనే ఏం చెయ్యాలి?" అని అడిగింది కోడలు.

"గాటు దగ్గర కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు. తాడుతో బిగించి కట్టొద్దు. గాజులు, మెట్టెలు తీసెయ్యండి. కరిచిన కాలో చెయ్యో కదలకుండా చూడండి. మనిషిని నడిపించొద్దు. 108కి ఫోను చెయ్యండి. పామును వెతుకుతూ పొద్దు పుచ్చొద్దు. నేల మీద పడుకోకుండా మంచం మీద, దోమతెర చుట్టూ దోపుకుని పడుకుంటే కట్లపాము బెడద చాలా తగ్గుతుంది."

పిల్లలు మొసళ్లు, తాబేళ్లు, కొండచిలువ అన్నీ చూశారు. నాయనమ్మ మాత్రం మళ్లీ వెనక్కి వెళ్లి కట్లపాము అద్దం ముందు కాసేపు నిలబడింది. పాము ఇంకా అలాగే పడుకుని ఉంది.

మర్నాడు రాత్రి ఇంటి దగ్గర కొడుకు కల్లానికి బయలుదేరాడు. చంకన బొంత ఉంది. నాయనమ్మ లోపల్నించి నులకమంచం ఈడ్చుకొచ్చింది. దాని మీద దోమతెర, టార్చిలైటు పెట్టింది.

"ఇంత దూరం మంచం ఎవరు మోస్తారమ్మా?" అన్నాడు కొడుకు.

"ఆ పక్క నువ్వు పట్టు. ఈ పక్క నేను పడతా," అంది నాయనమ్మ.