ఏ వేళకు ఏ చోటు? విశాఖలో ఒక ఫొటో పాఠం

పిల్లలూ! అమ్మకో నాన్నకో బదిలీ అయినప్పుడల్లా ఊరు మారడం మీకు అలవాటే. మాకూ అంతే. సామాను సర్దుకున్నట్టు ఊరిని సర్దుకోలేం. కొన్ని ఫొటోలు మాత్రం వెంట తీసుకెళ్లగలం. అందుకే కొత్త ఊరికి వెళ్లగానే అక్కడివాళ్లను మేము రెండు ప్రశ్నలు అడుగుతాం: "ఫొటోలకు ఏ చోటు బాగుంటుంది? ఏ వేళకు వెళ్లాలి?" మొదటిదానికి జవాబు ఫోనులోనూ దొరుకుతుంది. రెండోది ఊరివాళ్లకే బాగా తెలుస్తుంది. మాది విశాఖపట్నం. కాబట్టి ఈసారి జవాబు చెప్పే వంతు మాది. వెలుగుకు తెలుగులో ఉన్న పేర్లు కూడా పనిలో పనిగా నేర్చుకుందాం.

వేకువ: ఫిషింగ్ హార్బర్

సూర్యుడు రాకముందు చీకటి పలచబడే సమయం వేకువ. వేటకు వెళ్లిన పడవలు ఒడ్డుకు చేరి ఉంటాయి. చేపలు దించడం, వేలంపాట, గంపలు నింపడం అన్నీ ఒకేసారి జరుగుతుంటాయి. అది వాళ్ల పనివేళ. "అమ్మా, ఒక ఫొటో తీసుకోవచ్చా?" అని అడిగాకే తీయండి. వద్దంటే కెమెరా దించేయండి.

లేత ఎండ: ఆర్కే బీచ్

ఇక్కడ సముద్రం తూర్పు వైపు ఉంది. పొద్దున సముద్రాన్ని వెనక పెట్టుకుని నిలబడ్డ మనిషి ఫొటోలో నల్లని నీడబొమ్మలా కనిపిస్తాడు. ముఖం స్పష్టంగా రావాలంటే అతను సముద్రం వైపు తిరగాలి, మీ వీపు సముద్రం వైపు ఉండాలి. ఐ.ఎన్.ఎస్. కుర్సురా జలాంతర్గామి ఈ ఒడ్డునే ఉంది. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002లో మ్యూజియంగా మారింది. పొడవు సుమారు 91 మీటర్లు. మొత్తం ఫొటోలో పట్టాలంటే బాగా వెనక్కి నడవాలి.

మిట్టమధ్యాహ్నం: కెమెరాకు సెలవు

ఎండ నెత్తిమీద ఉంటుంది. ముఖాల మీద కళ్ల కింద నల్లని నీడలు పడతాయి. ఆ వేళ భోజనం చేసి, పొద్దున తీసినవి చూసుకోండి.

నీరెండ: ఎర్రమట్టి దిబ్బలు

సాయంత్రం తగ్గుముఖం పట్టిన మెత్తని ఎండ నీరెండ. భీమిలి వెళ్లే దారిలో ఉన్న ఈ దిబ్బల ఇసుకకు ఎరుపు ఇనుము ఆక్సైడు వల్ల వచ్చింది. వాన నీళ్లు కోసిన లోతైన చాళ్లు ఏటవాలు వెలుగులో ఒక్కొక్కటీ విడిగా కనిపిస్తాయి. ఇది జాతీయ భూవారసత్వ స్థలం. అంచులు ఎక్కి తొక్కకండి, గుప్పెడు ఇసుకైనా తీసుకురాకండి.

మునిమాపు: కైలాసగిరి

పొద్దుగూకాక పూర్తిగా చీకటి పడకముందు సమయం మునిమాపు. కొండ మీద నుంచి దక్షిణం వైపు చూస్తే తీరం వంపు, ఒక్కొక్కటిగా వెలిగే నగర దీపాలు, దూరంగా డాల్ఫిన్ నోస్ కొండ కనిపిస్తాయి. వెలుగు తక్కువ కాబట్టి ఫోను కదలకుండా పిట్టగోడకు ఆనించి తీయండి.

ఒక జాగ్రత్త: విశాఖ తూర్పు నౌకాదళానికి కేంద్రం. ఫొటోలు నిషేధమని బోర్డు ఉన్నచోట కెమెరా బయటకు తీయకూడదు. మీరు ఏ ఊళ్లో ఉన్నా ఇదే నియమం.

అభ్యాసం

1. ఇప్పుడు మీరున్న ఊళ్లో ముగ్గురిని, అంటే ఒక దుకాణదారుణ్ణి, ఒక ఆటో అన్నను, ఒక సహవిద్యార్థిని, మన రెండు ప్రశ్నలూ అడగండి. జవాబులు చోటు, వేళ అని రెండు వరుసల్లో రాయండి.

2. వేకువ, నీరెండ, మునిమాపు: ఈ మాటలతో మీ ఊరి గురించి సొంత వాక్యాలు రాయండి.

3. బడి గేటు, బస్సు ఆగే చోటు, మీ వీధి టిఫిన్ బండి కూడా ఫొటో తీయండి. ఊరు వదిలాక ఎక్కువగా గుర్తొచ్చేవి ఇవే. ప్రతి ఫొటో కింద తేదీ, వేళ, ఆ చోటు చెప్పినవాళ్ల పేరు రాయండి.

మళ్లీ బదిలీ వచ్చినప్పుడు ఆ జాబితా ప్రతి ఒకటి, మీ క్వార్టర్‌లోకి కొత్తగా వచ్చే పిల్లలకు ఇచ్చి వెళ్లండి. ఏ వేళకు ఎక్కడికి వెళ్లాలో ఇంకొకరికి చెప్పగలిగితే, ఆ ఊరు మీదే.