తూలే కడ్డీని నిలబెట్టే లెక్క: ఫజీ నమూనాలతో దృఢ నియంత్రణ

చీపురుకట్టను అరచేతిలో నిట్టనిలువుగా నిలబెట్టే ఆట చిన్నప్పుడు చాలామంది ఆడే ఉంటారు. చీపురు ఎటు ఒరిగితే చేయి అటే పరుగెత్తాలి. ఎంత ఒరిగిందో కన్ను చూస్తుంది, దాన్నిబట్టి చేయి కదులుతుంది, ఆ కదలిక ఫలితాన్ని కన్ను మళ్లీ చూస్తుంది. ఈ చక్రాన్నే ఇంజనీర్లు ఫీడ్‌బ్యాక్ నియంత్రణ అంటారు. ప్రయోగశాలల్లో ఇదే ఆటను ఒక చిన్న బండి మీద కీలుతో బిగించిన కడ్డీతో ఆడతారు. దాని పేరు తలకిందుల లోలకం.

కడ్డీ కొద్దిగా ఒరిగినంతవరకు లెక్క సులువే. దాన్ని పడదోసే గురుత్వ ప్రభావం ఒరిగిన కోణపు సైన్ విలువను అనుసరిస్తుంది. చిన్న కోణాలకు సైన్ విలువ, రేడియన్లలో కోణం దాదాపు సమానం. 60 డిగ్రీల దగ్గర మాత్రం కోణం 1.047 రేడియన్లు, సైన్ 0.866. అంటే రెండింటి నిష్పత్తి 1 నుంచి 0.827కు పడిపోయింది. అసలు చిక్కు మరొకటి ఉంది. బండి తోపు కడ్డీని లేపే సామర్థ్యం కొసైన్‌ను అనుసరిస్తుంది. 60 డిగ్రీల దగ్గర అది సగమే, కడ్డీ పూర్తిగా అడ్డం తిరిగిన క్షణంలో సున్నా. ఇలా కారణం రెట్టింపైనా ఫలితం రెట్టింపు కాని వాటిని అరేఖీయ వ్యవస్థలంటారు. నిజ జీవితంలోని యంత్రాలు చాలావరకు ఇలాంటివే.

1965లో లోట్ఫీ జాదే ఫజీ సమితుల భావనను ప్రతిపాదించారు. 'వేడిగా ఉంది' అనే మాటకు అవును, కాదు అనే రెండే జవాబులు కాకుండా 0 నుంచి 1 వరకు ఏ విలువైనా ఇవ్వవచ్చన్నది దాని సారం. 1970ల మధ్యలో లండన్‌లోని క్వీన్ మేరీ కాలేజీలో ఇబ్రహీం మమ్దానీ బృందం 'ఒత్తిడి బాగా తగ్గితే వేడి బాగా పెంచు' వంటి నియమాలతో ఒక చిన్న ఆవిరి యంత్రాన్ని నడిపింది. 1987లో జపాన్‌లోని సెండాయ్ సబ్‌వే రైళ్లకూ ఫజీ నియంత్రణ వచ్చింది. అయితే ఒక ప్రశ్న వెంటాడింది. పరీక్షించినప్పుడు బాగానే పనిచేసింది సరే, పరీక్షించని పరిస్థితిలో అదుపు తప్పదని హామీ ఏది? అనుభవజ్ఞుల మాటలతో అల్లిన నియమాల నుంచి అలాంటి రుజువు రాబట్టడం కష్టం.

దారి చూపింది 1985లో టకాగి, సుగెనో ప్రతిపాదించిన నమూనా. ఇందులో 'అయితే' తర్వాత వచ్చేది మాట కాదు, ఒక రేఖీయ సమీకరణం. మన కడ్డీ గురుత్వ పదాన్నే తీసుకుందాం. నిటారుగా ఉంటే నిష్పత్తి 1 అనేది ఒక నియమం, 60 డిగ్రీలు ఒరిగితే 0.827 అనేది రెండోది. 30 డిగ్రీల దగ్గర నిజమైన నిష్పత్తి 0.955. మొదటి నియమానికి 74 శాతం, రెండోదానికి 26 శాతం బరువు ఇచ్చి కలిపితే సరిగ్గా అదే వస్తుంది. కోణం మారేకొద్దీ బరువులు మారతాయి, అంతే. ఫజీ అనగానే ఉజ్జాయింపు అనుకునేవారే ఎక్కువ. కానీ ఇక్కడ ఆ 60 డిగ్రీల హద్దులో నమూనా, అసలు సమీకరణం ఒకటే.

ఇక ప్రతి నియమానికీ ఒక రేఖీయ నియంత్రికను తయారుచేసి, వాటినీ అవే బరువులతో కలిపితే చాలనిపిస్తుంది. ఉచ్చు ఇక్కడే ఉంది. రెండు మాత్రికలు తీసుకోండి. మొదటిదాని వరుసలు (1, -0.5), (1, 0), రెండోదాని వరుసలు (-1, -0.5), (1, 0). ఏ ఒక్కదాన్నే పదే పదే ప్రయోగించినా అలజడి క్రమంగా సున్నాకు చేరుతుంది. రెండింటినీ ఒకదాని తర్వాత ఒకటి మార్చి మార్చి ప్రయోగిస్తే మాత్రం ప్రతి రెండు అడుగులకూ అలజడి సుమారు 1.87 రెట్లు పెరుగుతుంది. విడివిడిగా బుద్ధిమంతులు, కలిస్తే అల్లరి!

దీనికి విరుగుడు రష్యన్ గణితజ్ఞుడు ల్యాపునోవ్ 1892లోనే చెప్పిన ఆలోచనలో ఉంది. గిన్నెలో వేసిన గోలీ రాపిడి వల్ల చివరికి అడుగుకు చేరుతుంది. వ్యవస్థ స్థితికి కూడా శక్తిలాంటి ఒక కొలత నిర్వచించి, అది ఎప్పుడూ తగ్గుతూనే ఉంటుందని చూపితే స్థిరత్వం రుజువైనట్లే. 1992లో టనాకా, సుగెనో చెప్పిన షరతు ఇదే: అన్ని నియమాలకూ కలిపి ఒకే గిన్నె దొరకాలి. ఆ వెతుకులాట మాత్రికల అసమీకరణాలుగా మారుతుంది. వాటిని కంప్యూటర్ త్వరగా సాధించగలగడంలో ఒక భారతీయుడి పాత్ర ఉంది. 1984లో నరేంద్ర కర్మార్కర్ రేఖీయ ప్రోగ్రామింగ్‌కు కనుగొన్న పద్ధతి ఇచ్చిన ఊపుతోనే అంతర్బిందు పద్ధతులు ఎదిగాయి. నెస్టెరోవ్, నెమిరోవ్‌స్కీ వాటిని ఇలాంటి అసమీకరణాలకు విస్తరించారు.

'దృఢ' అనే మాట ఇప్పుడు వస్తుంది. కడ్డీ బరువు, కీలులో రాపిడి కచ్చితంగా ఎవరికీ తెలియవు. అందుకే ఒక్క విలువకు కాకుండా, అనుకున్న శ్రేణిలోని ప్రతి విలువకూ ఆ కొలత తగ్గి తీరాలనే షరతును అసమీకరణాల్లోనే కలిపేస్తారు. జవాబు దొరికితే ఆ శ్రేణిలో ఏ విలువైనా, కదలిక హద్దు దాటనంతవరకు హామీ ఉంటుంది. 60 డిగ్రీలకే లెక్క కట్టిన నియంత్రిక 70 డిగ్రీల దగ్గర ఏం చేస్తుందో ఆ రుజువు చెప్పదు.

ఈ పద్ధతికి మూల్యమూ ఉంది. ఒకే గిన్నె దొరకనంత మాత్రాన వ్యవస్థ అస్థిరమని కాదు. షరతే అవసరానికి మించి కఠినం కావచ్చు. పైగా ఒక్కో అరేఖీయ పదానికి నియమాల సంఖ్య రెట్టింపవుతుంది, పది పదాలుంటే 1024 నియమాలు. అందుకే పరిశోధకులు ఒకే గిన్నెకు బదులు నియమానికొక గిన్నె తీసుకుని, వాటినీ ఫజీ బరువులతోనే కలిపే పద్ధతుల వైపు మళ్లారు. అప్పుడు షరతు సడలుతుంది కానీ, బరువులు ఎంత వేగంగా మారుతున్నాయన్నది కొత్తగా లెక్కలోకి వస్తుంది.