జమున వంతెన – బస్సు చార్జీ
(బంగ్లాదేశ్ అభివృద్ధి నుంచి ఒక పాఠం)



దేశాభివృద్ధి గురించి రాయమంటే పరీక్షలో మనమంతా రోడ్లు, వంతెనలు, కరెంటు అని వరసగా రాస్తాం. మార్కులు కూడా పడతాయి. కానీ ఒక వంతెన కడితే కూలివాడి ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి మన పొరుగుదేశమైన బంగ్లాదేశ్ మంచి ఉదాహరణ.

1. నది చీల్చిన దేశం

మన బ్రహ్మపుత్రకే బంగ్లాదేశ్‌లో జమున అని పేరు. ఢిల్లీ పక్కన పారే యమున వేరు, ఇది వేరు. వరదకాలంలో ఇది కొన్నిచోట్ల పది కిలోమీటర్లకు పైగా వెడల్పున పారుతుంది. ఈ నది ఆ దేశాన్ని నిలువునా రెండుగా చీలుస్తుంది. తూర్పున రాజధాని ఢాకా, ఫ్యాక్టరీలు, ఓడరేవు ఉన్నాయి. వాయవ్యంలో రంగ్‌పూర్, రాజ్‌షాహీ వంటి వ్యవసాయ ప్రాంతాలు ఉన్నాయి. 1998 దాకా నది దాటాలంటే ఫెర్రీ పడవలే దిక్కు. లారీలు ఒక్కోసారి రోజుల తరబడి రేవులో ఆగిపోయేవి. కూరగాయలు అక్కడే కుళ్లిపోతే రైతుకు ధర ఎక్కడిది?

2. వంతెన ఎలా వచ్చింది?

వంతెన కోసం ప్రభుత్వం 1985లోనే ప్రజల నుంచి ప్రత్యేక సుంకం వసూలు మొదలుపెట్టింది. తర్వాత ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు, జపాను ప్రభుత్వ సంస్థ తలా సుమారు 20 కోట్ల డాలర్లు అప్పు ఇచ్చాయి. మిగతాది దేశమే భరించింది. 1994లో పని మొదలై, 1998 జూన్ 23న 4.8 కిలోమీటర్ల వంతెన ప్రారంభమైంది. రోడ్డుతో పాటు రైలుమార్గం, విద్యుత్ లైను, గ్యాసు పైపు కూడా దాని మీదుగానే నది దాటాయి. 2025లో పక్కనే ప్రత్యేక రైలు వంతెన కూడా వచ్చింది.

అయితే ఈ పనికి నష్టపోయినవారూ ఉన్నారు. నది మధ్య ఇసుక దిబ్బల మీద బతికే పేదలను అక్కడ 'చర్' వాసులు అంటారు. నష్టపరిహారంలో తమను లెక్కలోకి తీసుకోలేదని వారి తరఫున 1996లో ప్రపంచ బ్యాంకు తనిఖీ సంఘానికి ఫిర్యాదు వెళ్లింది. ఆ తర్వాతే కోత, వరదల నష్టానికి పరిహారం ఇచ్చే ప్రణాళిక తయారైంది. అడిగినవారికే లెక్కలో చోటు దొరికిందన్నమాట.

3. వంతెన ఉంది, ఆకలీ ఉంది

రంగ్‌పూర్ ప్రాంతంలో 'మొంగా' అనే మాట ఉంది. వానాకాలం వరినాట్లు అయిపోయాక, కోతలు వచ్చేదాకా, అంటే సుమారు సెప్టెంబరు నుంచి నవంబరు వరకు కూలిపని దొరకని ఆకలి రోజులకు ఆ పేరు. పాలమూరు, అనంతపురం వలసల గురించి తెలిసిన మనకు దీన్ని విడమరిచి చెప్పనక్కరలేదు.

వంతెన వచ్చి పదేళ్లయినా మొంగా పోలేదు. ఢాకాలో పని ఉంది, వంతెన మీద బస్సు ఉంది. అయినా చాలామంది కదలలేదు. ఎందుకు? ఆర్థికవేత్తలు 2008లో అక్కడి 100 గ్రామాల్లో ఒక ప్రయోగం చేశారు. కొన్ని కుటుంబాలకు పనికోసం వెళ్లే షరతు మీద సుమారు 600 టాకాలు, అంటే రానుపోను చార్జీకి, కొద్దిరోజుల తిండికి సరిపడే డబ్బు ఇచ్చారు. ఆ డబ్బు అందని ఇళ్లలో నూటికి 36 నుంచి వలస వెళ్లగా, అందిన ఇళ్లలో నూటికి 58 నుంచి వెళ్లారు. అలా కదిలిన ఇళ్లలో తిండి, ఖర్చు సుమారు 30 శాతం పెరిగింది. మరుసటి ఏడాది డబ్బు ఇవ్వకపోయినా చాలామంది మళ్లీ వెళ్లారు.

వాళ్లు కదలకపోవడానికి సోమరితనం కారణం కాదు. చేతిలో ఉన్న కాస్త డబ్బూ చార్జీకి పెట్టి, అక్కడ పని దొరక్కపోతే పిల్లలు పస్తులుంటారు. ఆ భయమే వంతెనకు అడ్డంగా నిలబడింది.

ఈ కథ ఇంతటితో అయిపోలేదు. 2017లో ఎవిడెన్స్ యాక్షన్ అనే సంస్థ ఇదే పథకాన్ని చాలా పెద్ద ఎత్తున నడిపితే ఫలితం రాలేదు. ఆ సంస్థ ఆ సంగతి దాచకుండా చెప్పి 2019లో పథకం ఆపేసింది. ఒకచోట పనిచేసిన పథకం అన్నిచోట్లా పనిచేస్తుందని అనుకోకూడదు. ఏటేటా లెక్క చూసుకోవాలి.

4. అంకెలు ఏం చెబుతున్నాయి?

బంగ్లాదేశ్‌లో పేదలు 2000లో 48.9 శాతం. 2016 నాటికి 24.3 శాతానికి తగ్గారు. కానీ అదే 2016లో రంగ్‌పూర్ డివిజన్‌లో 47.2 శాతం, అందులోని కురిగ్రామ్ జిల్లాలో 70.8 శాతం పేదలే. దేశం సగటు చూస్తే సంతోషం, జిల్లా లెక్క చూస్తే దుఃఖం. 2022 నాటికి రంగ్‌పూర్‌లో పేదరికం 24.8 శాతానికి దిగింది. ముందుగా కోతకొచ్చే వరి రకాలు, పట్నాల్లో పనులు, సంక్షేమ పథకాలు, చిన్న రోడ్లు ఇవన్నీ మొంగా తీవ్రతను తగ్గించాయి. ఏ ఒక్కదానికో ఆ గొప్ప కట్టబెట్టలేం.

5. గుర్తుంచుకోవలసిన అంశాలు (పోటీ పరీక్షల మిత్రులకు)

• జమున వంతెన: 1998, 4.8 కి.మీ.
• పద్మ వంతెన: 2022 జూన్ 25న ప్రారంభం, 6.15 కి.మీ. అవినీతి ఆరోపణలతో ప్రపంచ బ్యాంకు 2012లో 120 కోట్ల డాలర్ల రుణం రద్దు చేసింది. బంగ్లాదేశ్ సొంత నిధులతో కట్టుకుంది.
• మొంగా: రంగ్‌పూర్ ప్రాంతంలో కోతలకు ముందు వచ్చే ఆకలి కాలం.
• ఏ ప్రాజెక్టు గురించి రాసినా నాలుగు ప్రశ్నలు వేసుకోండి: డబ్బు ఎవరిది? లాభం ఎవరికి? నష్టం ఎవరికి? అందరికంటే పేదవాడు దాన్ని వాడుకోగలుగుతున్నాడా?

6. మనకేమిటి?

నాలుగో ప్రశ్న మన బతుకుకు సంబంధించినది. మండలంలో హైస్కూలు కట్టడం వంతెన కట్టడం లాంటిది. కానీ కూలికి పోయే తల్లిదండ్రుల పిల్లవాడు ఆ స్కూలు దాకా వచ్చి, పదో తరగతి వరకు నిలబడాలంటే పడుకోవడానికి చోటు, రెండు పూటలా అన్నం, పుస్తకాలు కావాలి. సాంఘిక సంక్షేమ హాస్టలు చేసే పని అదే. మన మెస్ చార్జీలను, దుప్పట్లను కొందరు దండగ ఖర్చు అంటారు. వాళ్లకు రంగ్‌పూర్ కూలీల సంగతి చెప్పండి. కోట్ల డాలర్ల వంతెన పక్కనే ఉన్నా, 600 టాకాలు లేక ఆగిపోయిన మనుషులు వాళ్లు.

రేపు మీలో ఒకరు ఇంజనీరు కావచ్చు, ఇంకొకరు ఎమ్మార్వో కావచ్చు. మీ సంతకంతో ఒక రోడ్డో, వంతెనో మంజూరయ్యే రోజు వస్తే, దాని మీద బస్సెక్కే చార్జీ కూడా లేని ఇల్లు ఊళ్లో ఏదని ముందుగా అడగండి.