విమానమెక్కుటకు ముందు భోజనము

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల నుండి ఉద్యోగమునకై గల్ఫు దేశములకును, ఉమ్రాకై సౌదీ అరేబియాకును పోవువారిలో చాలమందికి హైదరాబాదే వాకిలి. 2008 మార్చి వరకు బేగంపేట, అటుపిమ్మట శంషాబాదు. పాస్‌పోర్టు, వీసాల సంగతి అందరును చెప్పుదురు. అక్కడ అన్నము తినుటను గూర్చి ఎవరును చెప్పరు. ఇదియు ఒక పాఠమేనా యని విద్యార్థులు నవ్వవచ్చును. మేమును ఒకప్పుడట్లే తలచితిమి.

మా మొదటి ప్రయాణమున రాత్రియంతయు బస్సులో గడపి విమానాశ్రయము చేరితిమి. తనిఖీలన్నియు ముగిసినపిమ్మట ఒక హోటలు ముందు మూడుసార్లు తిరిగితిమి. ధర అడుగుటకు సిగ్గు. తుదకు లోపల కూర్చొని బిర్యానీ తెమ్మంటిమి. అది వచ్చుసరికి మా విమానమునకు చివరి పిలుపు వినవచ్చినది. నాలుగు ముద్దలు తిని, డబ్బు చెల్లించి పరుగెత్తితిమి. ఆకలి రుచి యెరుగదందురు. సిగ్గు ఆకలినే తీరనీయదని ఆనాడు తెలిసినది.

మొదటిది కాలగణన. విమానము రాత్రి 10 గంటలకనుకొందము. 7 గంటలకే చేరవలెను. సామాను తీసికొను కౌంటరును సామాన్యముగా 9 గంటలకు మూయుదురు. విమానమెక్కు ద్వారమును 9.35 ప్రాంతమున మూయుదురు. కావున సామాను అప్పగించి, ఇమ్మిగ్రేషన్, భద్రతా తనిఖీ ముగించుకొని 8.15కు బల్ల దగ్గర కూర్చొన్నచో, 9 గంటలకు లేవవచ్చును. 8.30 దాటినచో కూర్చొనకుండుటే మేలు. అప్పుచేసి టిక్కెట్టు కొన్నవానికి తప్పిన విమానము విలువ ఒక పూట అన్నముకంటె ఎన్నో రెట్లు.

రెండవది ఆహారము. విమానములోపలి గాలి పీడనము సుమారు 2,400 మీటర్ల ఎత్తుగల కొండపై నుండునంతకు తగ్గవచ్చును. అనగా సముద్రమట్టమున నుండుదానిలో నాలుగింట మూడు వంతులు. పీడనము తగ్గినకొలది వాయువు వ్యాపించునని బాయిల్ నియమము. కడుపులోని వాయువునకును అదియే నియమము. కావున నూనె వంటకములు మితముగా తిని, నీరు చాలినంత త్రాగవలెను. లోపలి గాలి మిక్కిలి పొడిగా నుండును.

మూడవది ఇంటి మూట. 2006 ఆగస్టులో లండనులో విమానములపై కుట్ర బయటపడినపిమ్మట, చేతిసంచిలోని ద్రవములకు 100 మిల్లీలీటర్ల పరిమితి వచ్చినది. నూనెతేలు ఊరగాయను అప్పగించు పెట్టెలోనే పెట్టవలెను. జొన్నరొట్టె చేతిసంచిలో ఉండవచ్చును. ఖాళీ సీసా తీసికొనిపోయి లోపల నీరు నింపుకొనవచ్చును.

నాలుగవది నడవడి. ముందుగా ధరల పట్టిక అడుగుడు. పన్ను కలిసినదో లేదో, ఎంతసేపు పట్టునో, మాంసము హలాలో కాదో అడుగుడు. ఇవి కొనువాని హక్కులు. వంట వచ్చిన వెంటనే బిల్లు తెప్పించుకొనుడు. చెంచా పట్టుట రానిచో చేయి కడుగుకొని తినుడు, మనయింట తిన్నట్లే.

ధర అందుబాటులో లేనిచో లేచి వచ్చుట అవమానము కాదు. కుర్చీలో కూర్చొని తల్లి కట్టియిచ్చిన రొట్టె విప్పుకొనుటయు అవమానము కాదు. ఈ కళాశాల నుండి దూరదేశమునకు పోవు మా విద్యార్థులెవరును సిగ్గువలన పస్తుండి విమానమెక్కరాదని మా కోరిక.