బైబిలు కాలపు స్త్రీల అలంకార వస్తువులు: క్రిస్మసు నాటకముల నిమిత్తము ఒక పాఠము

చదువవలసిన భాగములు: ఆదికాండము 24:22, 65, రూతు 3:15, యెషయా 3:14–24, లూకా 15:8–10.

అక్టోబరు నెల గడువగానే మన సంఘములలో క్రిస్మసు నాటకము మాట వచ్చును. మరియ వేషము ఎవరికి, రూతు వేషము ఎవరికి అను ప్రశ్నకంటె ముందు దుస్తులెవరు తెత్తురను ప్రశ్న పుట్టును. పట్నమునుండి తళుకుల సామాను అద్దెకు తేగల యింటి పిల్లకే ముఖ్య వేషము దక్కుటయు, కూలి చేసికొనువారి పిల్ల దేవదూతల వెనుక వరుసలో నిలుచుటయు మనమెరుగని సంగతి కాదు. గనుక ఆ కాలపు స్త్రీలు నిజముగా ఏమి ధరించిరో, అంగీమీద ఏ యే వస్తువులు వాడిరో ఈ నెల చూతము. వాటిలో చాలమట్టుకు మన యిండ్లలోనే దొరకును.

మొదట ముసుకు. క్రీ.పూ. 701లో అష్షూరు రాజైన సన్హెరీబు యూదాలోని లాకీషును పట్టుకొని, ఆ ముట్టడిని నీనెవెలోని తన నగరు గోడలకు రాతిపలకలలో చెక్కించెను. 1840వ దశకములో లేయర్డు అను ఆంగ్లేయుడు వాటిని త్రవ్వి తీసెను. ఇప్పుడవి లండనులోని బ్రిటిషు మ్యూజియములో నున్నవి. చెరకు పోవు యూదా స్త్రీలు అందులో కనబడుదురు. చీలమండల వరకు దిగిన సాదా అంగీ, దానిపై తలనుండి వీపుమీదుగా అంగీ అంచు వరకు జారిన ఒకే పొడుగైన ముసుకు. కుచ్చులు లేవు, జరీ లేదు, ముఖము కప్పబడలేదు. రిబ్కా ఇస్సాకును చూచినప్పుడు ముసుకు వేసికొనెనని చదువుచున్నాము గదా. అది ఆ సమయమునకు తగిన మర్యాద. నాటకమంతయు ముఖము దాచుకొని యుండనక్కరలేదు.

ఆ ముసుకు పలుచని గుడ్డ కాదని రూతు కథయే చెప్పును. బోయజు ఆరు కొలల యవలను ఆమె దుప్పటిలో కొలిచి ఆమెమీద నెత్తెను. ధాన్యము మోయగల బట్ట అన్నమాట. కాబట్టి మెరుపుల చున్నీ వద్దు. ఇంటిలోని ముతక నేత దుప్పటి చాలును. రంగు విషయములో మరియకు నీలమే కావలెనను పట్టుదల ఐరోపా చిత్రకారులనుండి వచ్చినది. యూదా దేశములో నీలిమందు, మంజిష్ఠవంటి ఎఱ్ఱరంగు రెండును వాడుకలో నుండెను. రంగు వేయని ఉన్ని బట్ట అన్నిటికంటె సులభము.

రూతుకును మరియకును నడుమ వెయ్యేండ్లకు పైగా కలదు. మరియ కాలమునకు అంగీ కుట్టు మారినది. మృతసముద్రపు ఒడ్డున నహల్ హెవెర్ గుహలో 1960, 1961 సంవత్సరములలో యాదీను అను పండితుడు త్రవ్వగా, క్రీ.శ. 135 ప్రాంతమున రోమీయులకు వెరచి దాగినవారి బట్టలు చెడకుండ దొరికినవి. ముందొక ముక్క వెనుకొక ముక్క కలిపి కుట్టిన అంగీ. భుజమునుండి క్రింది అంచు వరకు రెండు రంగు చారలు. పాత దుప్పటిమీద రెండు గుడ్డపీలికలు కుట్టిన సరిపోవును.

నడుమునకు కట్టు ఉండవలెను. యెషయా 3లోను, యిర్మీయా 2:32లో పెండ్లికుమార్తె విషయమునను మన బైబిలు ఒడ్డాణమను మాట వాడినది. తెలుగువారికి తెలిసిన మాట గనుక అనువాదకులు మంచి పనియే చేసిరి. అయితే దానిని చూచి బంగారు రేకుతో నడుము బిగించుట పొరబాటు. అది నేసిన గుడ్డపట్టీ. సామెతలు 31:24లో గుణవతియైన స్త్రీ వర్తకులకు అమ్మిన నడికట్లను తలంచుడి.

ఇక నగలు. రిబ్కాకు ఇచ్చిన ముక్కుకమ్మి అరతులము, కడియములు పది తులములు. మన బైబిలులో తులమని యున్నచోట హెబ్రీలో షెకెలు అను తూనిక కలదు. యెరూషలేములో దొరికిన రాతి తూనికలనుబట్టి షెకెలు సుమారు 11.3 గ్రాములు; మన పాత తులము 11.66 గ్రాములు. ఎంత దగ్గరగా నున్నదో చూడుడి! రెండు కడియములు కలిసి సుమారు 113 గ్రాముల బంగారము. అది ధనవంతుడైన అబ్రాహాము పంపిన కానుక, ప్రతి పల్లె పిల్ల చేతికి ఉండునది కాదు. సమాధులలో దొరకు కడియములలో కంచువే విస్తారము. రాగి లేక ఇత్తడి కడియమొకటి చాలును.

గాజు గాజులు ఆ దేశములో విరివిగా వచ్చినది క్రీస్తు తరువాత రెండు మూడు వందల యేండ్లకు. అయినను పిల్లల గాజులు తీయించుమని మేము చెప్పము. మన దేశములో అది వైధవ్యపు గుర్తు; తల్లులు నొచ్చుకొందురు. ముసుకును మోచేతులమీదికి దింపిన గాజులు కనబడవు.

యెషయా 3:18–23లో ఇరువది యొక్క వస్తువులు వరుసగా నున్నవి. చంద్రవంకలు అందులో నొకటి. హెబ్రీలో ఆ మాటయే న్యాయాధిపతులు 8లో ఒంటెల మెడ నగలకును వాడబడినది. రక్షరేకులు మరియొకటి. ఆ జాబితాను చదివి స్త్రీలను గద్దించు ప్రసంగములు మనము చాల వింటిమి. గాని దానికి ముందున్న 14, 15 వచనములను విడిచి చదువుట న్యాయము కాదు. అక్కడ ప్రవక్త నిలువదీసినది పెద్దలను, అధిపతులను; నేరము బీదలను దోచుకొనుట. ఆ సొమ్ముతో కూడిన నగలవి. కూలి డబ్బుతో కొనుక్కొన్న చెవికమ్మలను దానితో జత చేయరాదు.

రక్షరేకుల మాట వచ్చినది గనుక ఒక వింత చెప్పవలెను. 1979లో యెరూషలేము హిన్నోము లోయ ప్రక్కన ఒక సమాధిలో, చుట్టచుట్టిన రెండు చిన్న వెండి రేకులు దొరికినవి. మెడలో వ్రేలాడదీయునవి. విరుగకుండ విప్పుటకు మూడేండ్లు పట్టెను. వాటిమీద సంఖ్యాకాండము 6లోని యాజకుల దీవెన మాటలున్నవి. చెరకు ముందటి కాలపు చివర వ్రాసినవని పలువురి నిర్ణయము.

పది వెండి నాణెములను పెండ్లినాటి తలకట్టుగా చూపుట వాడుక. ఇది బేత్లెహేము స్త్రీలు 19వ శతాబ్దములో పెట్టుకొనిన నాణెముల టోపీనిబట్టి కలిగిన ఊహ. లూకా అట్లు చెప్పలేదు. నాణెము ఒక దినపు కూలి. దీపము వెలిగించి ఇల్లు ఊడ్చి వెదకుటకు ఆ కారణము చాలదా? నాణెములను గుడ్డమూటలో నుంచుడి.

చేతి అద్దము చూపదలచిన గాజు అద్దము వద్దు. వారి అద్దము మెరుగుపెట్టిన కంచు (నిర్గమ 38:8). బాగుగా తోమిన ఇత్తడి పళ్లెము పనికివచ్చును. దువ్వెనలు కఱ్ఱవి, ఇరుప్రక్కల పండ్లు గలవి. ఒక ప్రక్క వెడల్పు పండ్లు, మరియొక ప్రక్క మన ఈర్పెనవలె సన్ననివి. ఎడారి గుహలలో దొరికిన అట్టి దువ్వెనలలో చచ్చిన పేలు నేటికిని చిక్కుకొని యున్నవని పరిశోధకులు 1980వ దశకములో కనిపెట్టిరి. మసాదా కోటలో క్రీ.శ. 73 నాటి స్త్రీ జడ అల్లినది అల్లినట్లే దొరికెను. ప్రక్కన ఆమె తోలు చెప్పులు. పిల్లలకు జడ వేయుట తప్పు కాదని దీనినిబట్టి గ్రహింపవచ్చును, పూలు మాత్రము మానుకొనుడి.

లాకీషు పలకలలో తల్లులతో నడచు చిన్న ఆడపిల్లలును కలరు. వారికి వేరు దుస్తులు లేవు. అదే సాదా అంగీ, అదే పొడుగు ముసుకు, కొలత మాత్రము చిన్నది. సండేస్కూలు పిల్లలకు తల్లుల దుప్పటిని రెండు మడతలు చేసి కప్పుడి.